ఏడంకె కోసిన ఫిల్ము

పొద్దున్నే ఆవిడ పుక్కిలించి ఊసిన నీళ్ళు సింకులో ఎర్రగా పారాయి. గబుక్కున కొళాయి తిప్పి కడిగేసింది. వెనకాల కుంచెలు పట్టుకుని వంతు కోసం నిలబడ్డ ఆవిడ భర్త, బోర్డులాయన, అది చూశాడు. చూసి, కిటికీ వైపు తిరిగాడు. అలా తిరగడం ఆయనకి ఐదేళ్ళుగా అలవాటే.

ఊళ్ళో సగం దుకాణాల మీద పేర్లు, సగం తలుపుల మీద నంబర్లు ఆయన రాసినవే. పేర్లయితే చేత్తో రాస్తాడు. నంబర్లకి మాత్రం అచ్చులు పెట్టుకున్నాడు. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద అంకె గీసి, బ్లేడుతో కోసి, ఆ కంతలోంచి రంగు అద్దుతాడు. అట్టయితే నాలుగు తలుపులకే నానిపోతుంది. ఫిల్మయితే ఎప్పుడు తుడిచినా మళ్ళీ కొత్తదే. అచ్చుని తలుపుకి ఆనించి పట్టుకోవడం ఆవిడ పని. ఆయన "కదలకు" అంటాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ముప్పై ఏళ్ళలో ఒక్క అంకె అలుక్కుపోలేదు.

ఆ రోజు కూతురు పోస్టాఫీసుకి సెలవు పెట్టి వచ్చింది. "నడమ్మా, ఇవాళ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. మొన్న మాట్లాడుతుంటే నీ కింద పన్ను ఊగడం నేను చూశాను."

"ఊడితే ఊడుతుందిలేవే. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం," అంది తల్లి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ. చెయ్యి అడ్డం లేకుండా ఆవిడ నవ్వి చాలా కాలమైంది.

"నాన్నా, నువ్వూ రా. నేనొక్కదాన్నే చెప్తే వినదు."

ఆయన కాళ్ళీడ్చుకుంటూ వెంట వెళ్ళాడు.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. సన్నటి కొలత పుల్లని పంటికీ చిగురుకీ మధ్య దించుతూ, ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో అంకెలు చదివింది. పక్కనున్న నర్సు రాసుకుంది. "మూడు. ఐదు. ఆరు. ఆరు. ఐదు." బతుకంతా అంకెలు రాసిన మనిషి ఈ అంకెలు వినలేక తలుపు వైపు చూశాడు.

తర్వాత ఎక్స్‌రే ఫొటో తీసి, తెర మీద పెట్టి చూపించింది. "పన్నుని పట్టుకునేది చిగురొక్కటే కాదమ్మా, లోపలున్న ఎముక. అది దాదాపు సగం దాకా దిగిపోయింది. ఇప్పటికే రెండు పళ్ళు పోయాయి. ఈ చిగుళ్ళ జబ్బుకి నాలుగు దశలుంటాయి. మీది మూడోది."

"మూడంటే అయిపోయినట్టేనా?" అంది కూతురు.

"కాదు. పోయిన ఎముక తిరిగి రావడం కష్టం గానీ, ఉన్నదాన్ని నిలబెట్టొచ్చు. దశ చూస్తే ఇప్పటిదాకా ఎంత పోయిందో తెలుస్తుంది. ఎంత తొందరగా పోతోందో తెలియాలంటే ఇంకో లెక్కుంది, దాన్ని గ్రేడు అంటాం. నెమ్మది, మధ్యస్థం, జోరు. వయసుతో పోల్చి చూస్తే అమ్మగారిది మధ్యస్థంలా ఉంది. పాత ఫొటో ఏదైనా ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. జోరుగా పోతుంటే వైద్యం కూడా అంత గట్టిగా చెయ్యాలి, నేను ఇంకా తరచుగా చూడాలి."

"ఐదేళ్ళ కిందట తీయించారుగా నాన్నా? పాత డాక్టరు దగ్గర?"

"ఎక్కడుందో ఏమో," అన్నాడు బోర్డులాయన.

ఇంటికి రాగానే కూతురు బీరువా అంతా కిందకి దింపింది. ఫిల్ము కనపడలేదు. విసుగంతా తల్లి మీదికి మళ్ళింది.

"నీ అశ్రద్ధే అమ్మా ఇదంతా. రక్తం వస్తుంటే ఎవరికైనా చెప్పాలని తెలీదా? సరిగ్గా తోముకుని ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

"నాదే తప్పులేవే," అంది తల్లి బట్టలు మడతపెడుతూ. "రోజూ ఉప్పునీళ్ళతో పుక్కిలించాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలీలేదు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్న బోర్డులాయనకి ఆ ఉప్పునీళ్ళ మాట గుండెలో దిగింది. లేచి, పని సామాను గదిలోకి వెళ్ళి, అచ్చుల డబ్బా తెచ్చి వాళ్ళ మధ్యన పెట్టాడు. అందులోంచి ఒక్క ఫిల్ము తీశాడు. రంగుల మీద రంగులు పేరుకుపోయి, మధ్యలో ఏడంకె కోసి ఉంది.

కూతురు దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. ఏడుకి అటూ ఇటూ పళ్ళ వరస.

"ఇది..."

"మీ అమ్మదే," అన్నాడాయన. "ఫొటో తీసిన మర్నాడు నేనొక్కణ్ణే వెళ్ళి తెచ్చాను. రెండో దశలో ఉందన్నాడా డాక్టరు. ఇప్పుడే పట్టుకుంటే ఆగుతుంది, శుభ్రం చేయించి మూడు నెలలకోసారి తీసుకురా అన్నాడు. అప్పుడు కొత్త ఇళ్ళకి నంబర్లు రాసే పని ఒప్పుకునున్నాను. మూడొందల తలుపులు, నెలన్నర గడువు. అచ్చు పట్టుకోడానికి మీ అమ్మ లేకపోతే పని సాగదు. ఇంటికొచ్చి, ఏం లేదన్నాడు, వయసన్నాడు, ఉప్పునీళ్ళు చాలన్నాడు అని చెప్పాను. పనయ్యాక చెప్దాంలే అనుకున్నా. అయ్యాక ఏ మొహంతో చెప్పను? ఇవాళ కూడా నోరు మూసుకుందామనే చూశా. జోరుగా పోతోందేమో అంది ఆ డాక్టరు పిల్ల. అది తెలిసేది దీంతోనే."

"ఐదేళ్ళు నాన్నా," అంది కూతురు. "నేనేమో ఇంతసేపూ అమ్మని తిడుతున్నాను. నువ్వు వింటూ కూర్చున్నావు."

ఆయన తలెత్తలేదు. ఆవిడ మాట కోసం చూశాడు. తిడితే బాగుండునని చూశాడు.

ఆవిడ ఫిల్ము అందుకుంది. "ఇది నాదని నాకు తెలుసు. కోసేసినది ఇంక దేనికీ పనికిరాదని, బీరువా వెతుకుతుంటే చెప్పలేదు. ఎన్ని తలుపులకి ఆనించి పట్టుకోలేదు? ఎండకి ఎత్తినప్పుడల్లా నా పళ్ళు నాకే కనపడేవి," అంది నెమ్మదిగా. "ఒక్కోసారి భయమేసేది. ఇంత రక్తం వస్తోందేంటి, ఇంకోసారి డాక్టరుకి చూపిద్దామా అనుకునేదాన్ని. ఈ ఏడంకె చూసి ధైర్యం తెచ్చుకునేదాన్ని. మా ఆయన ఫిల్ము కోసేశాడంటే, దీంతో ఇంక పని లేదనేగా అని."

బోర్డులాయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆవిడ తిట్టి ఉంటే ఓర్చుకునేవాడు. తన మీద పెట్టుకున్న ఆ నమ్మకాన్ని ఓర్చుకోలేకపోయాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి.

ఆవిడ చాలాసేపు ఆయన్ని అలాగే ఏడవనిచ్చింది. ఓదార్చలేదు. తర్వాత ఫిల్ముని ఆయన ఒళ్ళో పెట్టింది. "ముందు ఈ రంగు తుడవండి. ఆ డాక్టరమ్మకి కనపడాలి కదా."

సాయంత్రం దాకా ఆయన పాతగుడ్డ, రంగు కరిగించే నూనె పెట్టుకుని, పొర తర్వాత పొర తుడుస్తూనే ఉన్నాడు. ఏ పొర ఏ వీధి తలుపులదో ఆయనకి గుర్తే.

మర్నాడు డాక్టరమ్మ ఆ ఫిల్ముని ఎక్స్‌రేలు చూసే దీపం పెట్టె మీద పెట్టి ఒక్క క్షణం బిత్తరపోయింది. అంకె ఎడమవైపు పళ్ళని కోసుకుపోయింది గానీ, కుడివైపు మిగిలింది. అప్పటి ఎముక, ఇప్పటి ఎముక కొలిచి చూసింది.

"రెండు మిల్లీమీటర్ల పైనే పోయింది. జోరుదే," అంది. "మంచి పని చేశారు, ఇది తెచ్చి. లేకపోతే మధ్యస్థం అనుకుని వైద్యం మొదలెట్టేదాన్ని. ఒకసారి షుగరు కూడా చూపిద్దాం, అదుంటే ఇలాగే పరిగెడుతుంది. ఒకటి రెండు పళ్ళు దక్కకపోవచ్చు. మిగిలినవాటిని కాపాడుకుందాం. ఇంట్లో రోజూ పళ్ళ సందులు చిన్న బ్రష్షుతో శుభ్రం చెయ్యాలి, అద్దంలో చూసుకుంటూ."

ఆ మంచి పని అన్న మాట ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. అయినా తల ఊపాడు.

వారం తర్వాత ఒక పొద్దున, కిటికీ దగ్గర కుర్చీలో ఆవిడ కూర్చుంది. చేతిలో చిన్న బ్రష్షు. ఎదురుగా బోర్డులాయన చేతద్దం పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఒక్కో సందూ తీరుబడిగా శుభ్రం చేసుకుంటోంది. ఊసినప్పుడు ఇంకా ఎర్రగానే ఉంది. ఈసారి ఆయన అటు తిరగలేదు.

పావుగంట గడిచేసరికి ఆయన చెయ్యి వణికింది. అద్దంలో పళ్ళు చెదిరాయి.

"కదలకండి," అంది ఆవిడ.

ఆయన రెండో చెయ్యి కూడా వేసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆ మొహం చూసి ఆవిడకి నవ్వొచ్చింది. అరచెయ్యి నోటిదాకా లేచి, బ్రష్షు అడ్డమొచ్చి, అక్కడే ఆగిపోయింది.