మరిది జేబులో బ్యాకప్

ఫ్యాక్టరీలో ఖర్చులు అంచనా వేసే ఎస్టిమేటర్‌ని లిఫ్టులో చంపేశారు. మెడ దగ్గర ఒక్క సూదిపోటు, అంతే. చంపినవాళ్లు దిగిపోయారు గానీ లిఫ్టు మాత్రం పాపం తన డ్యూటీ తాను చేసుకుంటూ, ప్రతి అంతస్తులోనూ ఆగి తలుపు తెరిచి, ఆయన్ని ఫ్యాక్టరీ మొత్తానికి చూపించింది.

"గుండెపోటని రాయించాం," అన్నాడు పెద్దాయన.

గూఢచారి శాఖకి అధిపతి ఆయన. శాఖ ఆఫీసు ఒక లాండ్రీ షాపు వెనకగది. ముందుగదిలో ఇస్త్రీపెట్టెలు బుసకొడుతుంటే వెనకగదిలో దేశాల తలరాతలు మారుతుంటాయి. ఎదురుగా నిలబడ్డ ఏజెంటుని శాఖలో అందరూ గుమస్తా అంటారు. మొహం అలాంటిది. ఒకసారి చూసినవాడు రెండోసారి గుర్తుపట్టిన పాపాన పోలేదు.

"ఆయన చేసిన నేరం ఏమిటి సార్?"

"ఖర్చు అంచనాల సాఫ్ట్‌వేర్లోంచి వివరాలు బయటికి తీసే ఎక్స్‌పోర్ట్ పర్మిషన్ ఇవ్వనన్నాడు."

"దానికే చంపేస్తారా?"

"ఆ ఫ్యాక్టరీ జలాంతర్గాముల్లోకి నీళ్లు చొరబడకుండా బిగించే సీళ్లు చేస్తుందయ్యా. డ్రాయింగులు ఇనప్పెట్టెలో ఉన్నాయి, దానికి తుపాకుల కాపలా. కానీ ఏ లోహం ఎంత వృథా అవుతుంది, ఏ మెషిన్ మీద ఎంతసేపు, ఏ కొలిమిలో ఎంత వేడి, అన్నీ ఆ సాఫ్ట్‌వేర్ కాన్ఫిగరేషన్లో ఉంటాయి. దాన్ని మాత్రం బ్యాకప్ అని పేరుపెట్టి ఎవడుబడితే వాడు పెన్‌డ్రైవ్‌లో వేసుకు తిరుగుతాడు. వీధి గుమ్మానికి ఇనప తలుపు బిగించి పెరటి తలుపు బార్లా తెరిచినట్టు."

గొడుగు ముఠాకి అదే కావాలి. ఆ విదేశీ ముఠాకి పైకి ఒక ఫర్నిచర్ షోరూం, సరిహద్దు అవతల ఒక రహస్య ఆయుధ ఫ్యాక్టరీ. అక్కడా ఇదే సాఫ్ట్‌వేర్.

పెద్దాయన ఎర్రటి లిప్‌స్టిక్ ఒకటి బల్లమీద నిలబెట్టాడు. "పైన రంగు, లోపల పెన్‌డ్రైవ్. అడుగుభాగం ఎడమకి తిప్పితే లోపలి చిప్ కాలి బూడిదవుతుంది. ఇందులో మన కాన్ఫిగరేషన్ ఉంది, అంకెలన్నీ తప్పులు. ఈ సాఫ్ట్‌వేర్లో ఇంపోర్ట్ అంటే కలపడం కాదు. ఉన్నదంతా తుడిచేసి కొత్తది కూర్చోబెడుతుంది. వాళ్లు దీన్ని ఎక్కించుకున్న క్షణం వాళ్ల ఫ్యాక్టరీకి మతి పోతుంది."

"వాళ్లు ముందు బ్యాకప్ తీసుకోరా సార్?"

"నీ ఫోనుకి ఎప్పుడు తీశావు?"

గుమస్తా ఫోనున్న జేబు తడుముకున్నాడు.

"ఫైలు మీద ఎక్స్‌పోర్ట్ చేసినవాళ్ల పేరు పడుతుంది. ఫ్యాక్టరీలో మన డబుల్ ఏజెంట్ ఉంది. నెమలి అంటాం. ముఠా ఆమెని తమ మనిషే అనుకుంటోంది. ఆమె పేరే పడాలి, ఆమె చేత్తోనే వాళ్ల కంప్యూటర్లో ఎక్కాలి. నువ్వు సాఫ్ట్‌వేర్ నేర్పే మాస్టారిలా ఆమె వెంట వెళ్తావు."

"ఆ తర్వాత ఆమె ప్రాణాలతో ఎలా బయటికొస్తుంది?"

పెద్దాయన చొక్కామీద లేని దారప్పోగుని దులుపుకున్నాడు. "అది నువ్వు చూసుకో."

కోడ్ మాట కూడా పెద్దాయనే ఎంచాడు. ఆ తెలివికి ఏ బిరుదిచ్చినా తక్కువే. గుమస్తా "బ్యాకప్ తీశారా అండీ?" అని అడగాలి. నెమలి "రేపు తీస్తానండీ" అనాలి.

దళసరి కళ్లద్దాలు పెట్టుకుని, పాపిడి పక్కకి తీసుకుని, గుమస్తా ఫ్యాక్టరీలో క్లాసు మొదలుపెట్టాడు. కళ్లద్దాల కాడలో ఇయర్‌పీస్, అందులో పెద్దాయన గొంతు.

"ఇది ఎక్స్‌పోర్ట్ స్క్రీన్. మెటీరియల్, మెషిన్ రేట్లు, స్క్రాప్, ఒక్కోదానికి ఒక్కో గడి. టిక్కు పెట్టినవే ఫైల్లోకి వెళ్తాయి. ఒక్క టిక్కూ పెట్టకపోయినా ఇది సిగ్గులేకుండా 'విజయవంతం' అనే చెబుతుంది. జాగ్రత్త."

వెనక వరసలో ఒకావిడ ఆవులించింది. మూల సీట్లో ఎర్ర లిప్‌స్టిక్, నల్లద్దాలు పెట్టుకున్న మేనేజర్ ఒక్కతే పెన్ను తీసి రాసుకుంది.

క్లాసయ్యాక గుమస్తా బల్ల బల్లకీ వెళ్లాడు.

"బ్యాకప్ తీశారా అండీ?" అని స్టోర్స్ ఇన్‌చార్జిని అడిగాడు.

"రేపు తీస్తానండీ."

గుమస్తా అతన్ని ఎగాదిగా చూశాడు. ఇంత లావు మీసాల నెమలా? అనుమానం వచ్చి పక్క బల్లని అడిగాడు. "రేపు తీస్తానండీ." ఆ పక్కది కూడా రేపే. పర్చేజు వాళ్లు, క్వాలిటీ వాళ్లు, చివరికి సిస్టమ్ అడ్మిన్ కూడా తల గోక్కుంటూ రేపే తీస్తానన్నాడు. పెద్దాయన లెక్క ప్రకారం ఫ్యాక్టరీ నిండా డబుల్ ఏజెంట్లే.

మిగిలింది మూలనున్న, ఖర్చుల లెక్కలు చూసే కాస్టింగ్ మేనేజర్ క్యాబిన్. తలుపు తియ్యకముందే సెంటు వాసన ఎదురొచ్చింది. నల్లద్దాల మేనేజర్ తల ఎత్తకుండా టైపు చేస్తోంది.

"బ్యాకప్ తీశారా అండీ?"

"రేపు తీస్తానండీ," అని ఆమె నల్లద్దాలు తీసింది. "తలుపేసి కూర్చో, మరిదీ."

గుమస్తా కూర్చోలేదు. ఆవిడ అతని వదిన. చచ్చిపోయిన అన్న భార్య.

అన్నయ్యది కూడా ఇదే శాఖ. కొన్నేళ్ల క్రితం గొడుగు ముఠాకి దొరికిపోయాడు. కోడ్ షీటు ఇస్తే మనిషిని వదిలేస్తామంది ముఠా. ఆ షీటు అప్పుడు ఈవిడ చేతిలోనే ఉంది. ఇవ్వాల్సింది పోయి అగ్గిపుల్ల గీసింది. అన్న శవం కూడా ఇంటికి రాలేదు. ఆ కబురు మోసుకెళ్లి అమ్మ చెవిన వేసింది గుమస్తాయే. అమ్మ ఆవిడ సామానంతా గుమ్మం బయట పెట్టి తలుపేసుకుంది.

"మీరా?" అన్నాడు.

"మీరు అంటున్నావే! ఒకప్పుడు నువ్వు అనేవాడివి. శాఖలో మర్యాద బాగానే నేర్పారు."

"ఇంకా ఈ పనిలోనే ఉన్నారా?"

"ఇంటికి రావద్దన్నారుగా. పెద్దాయనొక్కడే రమ్మన్నాడు. మొగుణ్ని పొట్టనపెట్టుకున్న శాఖ మీద కసితో ఉన్నానని చెప్పి ముఠాలో చేరమన్నాడు. ఆ ఏడుపు నటించడానికి నేను పెద్దగా కష్టపడలేదులే."

"అన్నయ్యకి బదులుగా ఒక్క కాగితం. ఒక్క కాగితం ఇవ్వలేకపోయారు."

"కాల్చమన్నాడు పెద్దాయన."

"ఆయన కాల్చమంటే మాత్రం? నేనైతే ఇచ్చేసేవాణ్ని. ప్రపంచం ఏమైపోయినా సరే."

వదిన చెయ్యి చాపింది. "గట్టున కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు, అబ్బాయ్. ఆ లిప్‌స్టిక్ ఇలా ఇవ్వు."

మర్నాడు సాయంత్రం ఫర్నిచర్ షోరూం పైగదిలో ముఠా నాయకుడు వాళ్లని కూర్చోబెట్టాడు. అందరూ అతన్ని ఛైర్మన్ అంటారు. మనుషుల్ని చంపించేవాడికి కడుపులో గ్యాసు బాధ. గంటకోసారి ఫ్లాస్కులోంచి వేన్నీళ్లు తాగి త్రేనుస్తాడు. తలుపు దగ్గర ఒక తుపాకీవాడు. బల్లమీద కంప్యూటర్, సరిహద్దు అవతలి ఫ్యాక్టరీకి తిన్నగా లింకు.

"కానివ్వండి మేడమ్," అన్నాడు ఛైర్మన్.

"ముందు మీది బ్యాకప్ తీస్తాను."

గుమస్తా ఉలిక్కిపడ్డాడు. ఇది ప్లాన్లో లేదు. చెవిలో పెద్దాయన గొంతు చీల్చుకుంటూ లేచింది. "ఏం చేస్తోందది? బ్యాకప్ ఉంటే మళ్లీ పెట్టేసుకుంటారు! ఆపు!"

"ఎందుకొచ్చిన గొడవ? మేం ఎప్పుడూ తియ్యలేదు, మాకేమైంది?" అన్నాడు ఛైర్మన్.

"రెండు నిమిషాలు," అంది వదిన, లిప్‌స్టిక్‌ని కంప్యూటర్‌కి గుచ్చుతూ. తుపాకీవాడు ఇటు కదిలాడు. గుమస్తా కళ్లు వాడి చేతిమీదే ఉండిపోయాయి. తిరిగి చూసేసరికి స్క్రీన్ మీద పచ్చటి అక్షరాలు: విజయవంతం.

తర్వాత ఇంపోర్ట్. గీత నిదానంగా పాకి పాకి చివరికి చేరింది. మళ్లీ విజయవంతం. వదిన లిప్‌స్టిక్ ఊడదీసి గుమస్తా చొక్కా జేబులో పడేసింది. "ఇది మీ దగ్గరుంచండి మాస్టారూ. పోతే దొరకదు."

అంతలో ఫోను మోగింది. ఛైర్మన్ స్పీకర్ నొక్కాడు.

"సార్, మన రేట్లు ఒక్కటీ లేవు! కొలిమి వేడి దగ్గర ఏవేవో అంకెలున్నాయి. మెషిన్లు ఆపేశాం!"

"పాత అంకెలు గుర్తున్నవాళ్లని అడిగి వెయ్యండి!"

"ఎస్టిమేటర్లందర్నీ మీరే కదా సార్ పైకి పంపించేశారు."

తుపాకీ గొట్టం వదిన కణతకి ఆనింది. ఆవిడ గోడమీది అద్దంలో తన పెదాలు చూసుకుని, రంగు చెదరలేదని ఖాయం చేసుకుంది.

"కంగారెందుకు ఛైర్మన్‌గారూ? ఇంపోర్టులో ఏదో తేడా వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదు నేను. మీ పాతదంతా మాస్టారి జేబులో ఉంది. మమ్మల్ని క్షేమంగా కిందకి దింపండి, ఇచ్చేస్తారు."

ఛైర్మన్ గుమస్తా వైపు తిరిగాడు. "ఇచ్చెయ్. మేడమ్‌ని వదిలేస్తా."

"తిప్పు," అంది చెవిలోని గొంతు. "ఎడమకి తిప్పు."

గుమస్తా జేబులో చెయ్యి పెట్టాడు. వదిన అతన్నే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. ఏం చేస్తావో చూస్తాను అన్నట్టుంది. ఇచ్చేస్తే ఈవిడ బతుకుతుంది. ఇచ్చేస్తే ఆ ఆయుధ ఫ్యాక్టరీ మళ్లీ లేస్తుంది. ఇచ్చేసేవాణ్ని అని నిన్ననేగా అన్నాడు, ఇన్నేళ్లుగా అమ్మతో అంటున్నదీ అదేగా.

"తిప్పు! ఇది ఆర్డర్!"

ఆలోచన ఇంకా తెగనేలేదు. ఈలోగా వేళ్లు తిప్పేశాయి.

జేబులోంచి సన్నగా పొగ లేచింది. గుడ్డ కాలిన వాసన, ప్లాస్టిక్ కాలిన వాసన. గుమస్తా రొమ్ము చుర్రుమంది. ఛైర్మన్ చేతిలోంచి ఫ్లాస్కు జారి పడింది.

వదిన మొహంలో కోపం రాలేదు. ఎప్పుడో విన్న కబురు మళ్లీ విన్నట్టు కళ్లు ఒకసారి మూసి తెరిచింది. ఆ తర్వాత పకపకా నవ్వింది.

"చూశారా! వీడు శాఖ మనిషని నాకు నిన్నట్నుంచే అనుమానం. అందుకే రెండోది వేరే తీశాను. ఒక్క కాపీని నమ్ముకునే వెర్రిదాన్నా నేను?"

"ఎక్కడ?" అన్నాడు ఛైర్మన్. మునిగేవాడికి గడ్డిపోచ దొరికింది.

"కింద, మా షిఫ్టు బస్సులో, నా సంచిలో. పదండి. ఇక్కడ తుపాకీ పేలిందంటే మంచాలు కొనుక్కోడానికొచ్చిన జనమంతా పైకొస్తారు. వీణ్ని కూడా తీసుకురండి, దారిలో ఎక్కడైనా చూసుకుందాం."

ఛైర్మన్ మరొకర్ని నమ్మే స్థితిలో లేడు. తనే దిగాడు. రోడ్డు పక్కన, వదిన ముందే చెప్పి ఉంచిన ఫ్యాక్టరీ బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. లోపల డ్యూటీ దిగిన నలభైమంది దాకా. "మేడమ్ వచ్చారు, జరగండి జరగండి," అని ఎవరో చోటిచ్చారు. వదిన ఎక్కింది, గుమస్తా ఎక్కాడు, సంచి మీద ప్రాణం పెట్టుకుని ఛైర్మన్ కూడా ఎక్కాడు. తుపాకీవాడు కాలు పెట్టబోయేలోగా వదిన డ్రైవర్ భుజం తట్టింది.

"పోనీ."

తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. వదిన సీటు పట్టుకుని నిలబడి, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చెప్పింది. "మన ఎస్టిమేటర్ గారిని లిఫ్టులో చంపించింది ఈయనే."

నలభై తలలు ఒకేసారి తిరిగాయి. ఆ లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు ఎదురుగా నిలబడ్డవాళ్లే వాళ్లంతా. ఛైర్మన్‌ని పోలీసుస్టేషన్ ముందు దింపినప్పుడు ఆయన గ్యాసు బాధ మర్చిపోయి, లోపలికి తీసుకెళ్లమని పోలీసుల్నే బతిమాలుకున్నాడు.

స్టేషన్ మెట్ల మీద చెవిలో గొంతు పలికింది. "బతికారా, ఇద్దరూ?" పెద్దాయన ఆశ్చర్యం దాచుకోలేకపోయాడు. "ఆ రెండో కాపీ కూడా తీసుకుని కాల్చెయ్."

గుమస్తా కళ్లద్దాలు తీసి జేబులో పెట్టబోయాడు. జేబుకి అడుగు లేదు. అద్దాలు చేత్తోనే పట్టుకున్నాడు.

"వదినా, ఆ రెండో కాపీ..."

"లేదు. ఒకటి పోగొట్టుకున్నవాడు ఇంకోటుందంటే చచ్చినట్టు నమ్ముతాడు."

"పోనీ మొదటిది?"

"ఖాళీది. ఒక్క టిక్కూ పెట్టలేదు. నువ్వేగా క్లాసులో చెప్పావు."

గుమస్తాకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. "అంటే, నేను ఇచ్చేసినా..."

"ఇచ్చేసినా ఏమయ్యేది కాదు. వాళ్లు తెరిచి చూసుకునేలోపు మనం బస్సెక్కేవాళ్లం."

"నాకు ముందే చెప్పొచ్చుగా నువ్వు!" కాలిన జేబుని వేలితో చూపించాడు. "ఆ జేబులో నీ ప్రాణమే ఉందనుకున్నాను!"

"అనుకునే తిప్పావు."

గుమస్తా ఒక మెట్టు కిందకి దిగాడు.

"ఆ రోజు నాకూ ఎవరూ ఏమీ ముందే చెప్పలేదు, అబ్బాయ్. నాది ఖాళీది కూడా కాదు." ఆమె నల్లద్దాలు పెట్టుకుంది. "అత్తయ్య ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"అడిగానని చెప్పు. చెప్పకపోయినా ఏంలేదులే."

చెయ్యెత్తి ఆటో ఆపింది. ఎక్కడికని డ్రైవర్ అడిగితే, ముందు పోనిమ్మంది.

ఆదివారం పొద్దున అమ్మ కిటికీ దగ్గర కూర్చుని అతని చొక్కా వొళ్లో పరుచుకుంది. జేబు చోట గుండ్రంగా కాలిన చిల్లు, చుట్టూ ఎర్రటి మరక.

"ఇదేంట్రా, లిప్‌స్టిక్ రంగులా ఉంది. ఎవర్తె?"

"వదిన కనిపించిందమ్మా. నిన్ను అడిగింది."

అమ్మ చేతిలో సూది ఆగింది. "దాని ఊసెత్తకు. ఎవరో చెప్పారని కాగితం కాల్చి, నా కొడుకు ప్రాణం తీసింది. దాని చేతులెలా ఆడాయో! నువ్వే చెప్పు, ఆ చోట నువ్వుంటే కాల్చేవాడివా?"

అమ్మ కాలిన జేబులోంచి వేలు దూర్చి, చిల్లు ఎంత పెద్దదో చూసుకుంటోంది.

"నేనెందుకు కాలుస్తానమ్మా," అన్నాడు గుమస్తా.

"నాకు తెలుసు నాన్నా," అని అమ్మ మాసిక వెయ్యడం మొదలుపెట్టింది.

కనురెప్ప కదపకుండా అబద్ధం చెప్పడం ఎలాగో శాఖవాళ్లు మొదటి వారమే నేర్పారు. వాళ్లు నేర్పిన విద్యలన్నిట్లో ఇంట్లో పనికొచ్చింది అదొక్కటే.