అడగకుండా వేసిన పేరు

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక జరిగిన మొదటి ఎలక్షన్ల నాటి మాట. ఆళ్లగడ్డలో ఒక పొద్దున మహానందమ్మ ఉగ్గాని కోసం బొరుగులు నానబెట్టి పిండుతూ ఉంది. ఇంతలో తమ్ముడి పెళ్లాం సుగుణమ్మ వచ్చింది. వచ్చింది గానీ గడప దాటలేదు.

"రా సుగుణా, వాకిట్లోనే నిలబడినావేందే?"

"రాను వదినా. పెంచి పెద్ద చేసిన తమ్మునికి ఓటు ఎయ్యొద్దని ఊరంతా కాయితాలు పంచినావు. ఇంగ నీ ఇంట్లో మంచినీళ్లు గూడా ముట్టను."

మహానందమ్మకు ఏమీ అర్థం కాలేదు. సుగుణమ్మ చేతిలోని కరపత్రం విప్పి గట్టిగా చదివింది. నంద్యాల వర్తక సంఘం వారు స్త్రీ ఓటర్లకు చేయు సూచన అట అది. ఆడవాళ్లందరూ ఓటు చీటీని గొడుగు గుర్తున్న పెట్టెలోనే వేయవలెను, నిచ్చెన గుర్తు పెట్టెను తాకరాదు. ఇట్లు, మహానందమ్మ.

నిచ్చెన గుర్తు ఎవరిదనుకున్నారు? తమ్ముడు విశ్వేశ్వరయ్యదే. తూకంలో తరుగు పేరుతో రైతు మూటలో కోత కోయకూడదని, తానూ వర్తకుడై ఉండి బజారులో నిలబడి అన్నాడు. అంతే, సంఘానికి కంట్లో నలుసయ్యాడు. గొడుగు గుర్తు మనిషిని నిలబెట్టింది ఆ సంఘమే.

కాగితం అక్కడ పడేసి సుగుణమ్మ వెళ్లిపోయింది. మహానందమ్మ ఉగ్గాని చేయనూ లేదు, పొయ్యి ముట్టించనూ లేదు. మండీ నుంచి మొగుడు సుబ్బరాయుడు వచ్చేదాకా ఆ కాగితం ముందేసుకుని కూర్చుంది.

"ఏందయ్యా ఇది? నా పేరు ఎవర్నడిగి ఏసినారు?"

ఆయన తలపాగా తీసి చిలక్కొయ్యకు తగిలిస్తూ, "సంఘం తీర్మానం. అందరూ వాళ్ల ఆడోళ్ల పేర్లు ఇచ్చినారు. మొగుడు సంతకం పెడితే పెండ్లాం పెట్టినట్టే గదా, ఎప్పుడూ ఉండేదే" అన్నాడు.

"అందరి పేర్లూ ఏవీ? నాదొక్కటే ఉండాదే!"

"సొంత అక్కే చెప్తే జనం నమ్ముతారని పెద్దశెట్టి అన్నాడు."

"ఓహో! మండీలో టవలు కింద ఏళ్లు పట్టుకోని చెనక్కాయ బుడ్డల ధర గుట్టుగా తేల్చినట్టు నన్నూ తేల్చేసినారన్న మాట!"

"అరవొద్దే. సంఘం మాట కాదంటే నంద్యాలలో మన మూట దిగనియ్యరు. ఏం తిని బతకల్ల?"

"మూట దిగకుంటే కూలికి పోతా. నా పుట్టినింటి వాకిలి మూసేసినావే, అది ఎవురు తెరుస్తారు?"

చీర కొంగు బిగించి బస్సుకు నడిచింది. "యాడికి పోతాండావే?" అంటూ సుబ్బరాయుడు వెంటపడ్డాడు. దోవ పొడుగునా ఆయన బతిమాలుతూనే ఉన్నాడు.

నంద్యాలలో సంఘం కొట్టు మేడ మీద పరుపుల మీద దిండ్లకు ఆనుకుని పదిమంది కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి పెద్దశెట్టి లక్ష్మీనారాయణ నొసలు చిట్లించాడు.

"ఇది ఆడోళ్లు కూచునే తావు కాదమ్మా."

"నా పేరును కూచోబెట్టుకున్నారు గదప్పా. మనిషి నిలబడితే తప్పొచ్చిందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దశెట్టి సంతకాల పుస్తకం తెరిచాడు. "ఇదో, మీ ఆయన సంతకం. ఏమడిగినా ఆయప్పనే అడుగు."

అందరూ సుబ్బరాయుడి వంక తిరిగారు. ఆయన గడప దగ్గర నిలబడిన పెండ్లాన్ని చూశాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె కళ్లలో అంత అసహ్యం ఏనాడూ ఎరగడు.

"సంతకం నాదే శెట్టీ. పేరు నాది గాదు. నేనామెను అడగలే. కాయితం రద్దు చేయండి."

"రేపట్నుంచి నీ మూట ఈడ దిగదు, తెల్సునా?"

"దిగకుంటే దిగకపోనీలే."

మర్నాడు ఆళ్లగడ్డ వీధుల్లో సుబ్బరాయుడు కొట్టించిన తప్పెట మోగింది. ఆ కాగితం మీది పేరు అడగకుండా వేసిందహో అని దండోరా వాడు అరుస్తుంటే, పక్కనే తానూ తల వంచుకుని నడిచాడు. సుగుణమ్మ వచ్చి వదిన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అయినా మహానందమ్మ కోపం దిగలేదు. పది రోజులు మొగుడికి అన్నం పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు.

ఓట్ల రోజు బడిలో ఆడవాళ్లదొక వరస, మగవాళ్లదొక వరస. ఓటర్ల పట్టీ చూసే గుమస్తా పేరు అడిగితే చెప్పింది. "భర్త పేరు?" అన్నాడు. ఆమె నోరు పెగల్లేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆ కాలపు ఆడవాళ్ల భయం. వెనక నిలబడిన పొరుగింటి చెన్నమ్మ, "చెప్పక్కా, కొరుకుతాడా ఏంది!" అని నవ్వింది.

"చెప్పకుంటే చీటీ ఇయ్యనమ్మా" అన్నాడు గుమస్తా.

పక్క వరసలోనే ఉన్న సుబ్బరాయుడు తానే చెప్పబోయాడు. నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. మహానందమ్మ అటు తిరిగింది. పది రోజుల తర్వాత మొదటి మాట.

"ఏమయ్యా, నీ పేరు చెప్పమంటావా? అడగకుండా చెప్పేదాన్ని గాను."

ఆయన కళ్లు నిండిపోయాయి. పైగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "తప్పయిపాయ నందమ్మా. చెప్పు" అన్నాడు.

"సుబ్బరాయుడు" అంది, బడి బయటికి వినబడేటట్టు.

చీటీ తీసుకుని, గుర్తుకొక పెట్టె పెట్టిన పరదా వెనక్కి వెళ్లింది. ఏ పెట్టెలో వేశావని ఆయన ఆ రోజూ అడగలేదు, బతికినన్నాళ్లూ అడగలేదు.