అమ్మకే కమ్మని గుడ్డు

“చేదు గుడ్లు వచ్చాయి” అని ప్రకటించింది కొత్తరేవు అంగన్‌వాడీ యంత్రం. గాలికి దీర్ఘం ఎగిరిపోయి “చెడు గుడ్లు” అని వినపడేసరికి, గర్భిణులంతా గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగారు. డాక్టర్ వింధ్యావళి ఒక్కొక్కరికీ దీర్ఘం అతికించి లోపలికి తీసుకురావాల్సి వచ్చింది. 2071లో ఆ గుడ్డును కనిపెట్టిన శాస్త్రవేత్త ఆవిడే మరి.

గర్భిణికని ఇచ్చిన గుడ్డు ఇంటికెళ్లేసరికి మొగుడి కంచంలోనో మరిది కంచంలోనో తేలడం పాత జబ్బు. దానికి మందుగా పుట్టింది ఈ ‘రుచిమలుపు’ గుడ్డు. ఉడికే వస్తుంది, ఆరు నెలలైనా పాడవదు. గర్భిణి లాలాజలంలోని హార్మోన్ తగిలితేనే అందులోని ఎంజైమ్ కమ్మదనాన్ని విప్పుతుంది. ఇంకెవరి నాలుకకైనా వేపాకే. దొంగకు చేదు, తల్లికి చేదోడు అని వింధ్యావళి గుడ్డిగా నమ్మింది.

రెండు నెలలైనా ఊళ్లో ఎవరికీ రక్తం పెరగలేదు. అందరికంటే అడుగున ఉన్నది పైడమ్మ. హిమోగ్లోబిన్ ఏడు. కాన్పు ఇంకో ఐదు వారాల్లో.

గుడ్డు పత్తా లేకపోతే అనుమానం అత్త మీదికే పోతుంది. వింధ్యావళి అత్తాకోడళ్లిద్దర్నీ కేంద్రానికి పిలిపించింది.

“కోడలి గుడ్లు ఎవరు తింటున్నారు?”

“నా మొకం సూడకు డాక్టరమ్మా” అంది అత్త అప్పలనరసమ్మ. “ఒకపాలి కొరికితే రెండ్రోజులు అన్నం సయించలేదు నాకు.”

“ఎవరూ తినడం లేదు” అంది యంత్రం. “పెంకు పగిలితే నాకు సంకేతం వస్తుంది. ఆ ఇంట్లో ఇప్పటికి పగిలింది ఒక్కటే.”

పైడమ్మ కొంగు మెలిపెట్టింది. “మిగతావి బియ్యం డబ్బాలో దాసినాను.”

“బాగోలేదా?”

“ఎందుకు బాగోదు? ఆ ఒక్క గుడ్డూ ఇంటిల్లిపాదీ కొరికి ఉమ్మీసినారు. మిగిలింది నాను తింటే కమ్మగుంది. అందరికీ సేదైంది నాకొక్కదానికే కమ్మగుంటే ముద్ద ఎలా దిగుద్ది? రవ్వంత పెట్టి తిందునా అంటే అదీ లేకుండా సేసినావు.”

“మా ఇంట్లోనూ అంతే” అన్నారు గుమ్మంలో నిలబడ్డ మిగతా గర్భిణులు.

వింధ్యావళి అందరి వైపూ తిరిగింది. “తప్పు నాది. దొంగలకు తాళం వేశాననుకున్నాను. పెట్టే చేతులకు వేశాను.” తర్వాత యంత్రాన్ని అడిగింది, “ఎంజైమ్ మార్చడానికి ఎన్నాళ్లు?”

“ఆరు నెలలు.”

అందరి చూపూ పైడమ్మ కడుపు మీదికి మళ్లింది.

అప్పలనరసమ్మ అక్కడున్న గుడ్ల బుట్టలోంచి ఒక గుడ్డు తీసి ఒలిచింది. రెండుగా తుంచి, ఒక సగం నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మూతి మాత్రం వంకర పోనివ్వలేదు. రెండో సగం కోడలి చేతిలో పెట్టింది.

“బాగానే ఉందే పిల్లా, తిను. రేపు మళ్లీ నాకు పెట్టాల.”