పగటిపూట తెర తీయించినవాడు

మబ్బుతునక లేని ఆకాశంలో ఉరుము! మధ్యాహ్నం మూడింటికే గుడ్లగూబ కూత! పొద్దు సముద్రం మీదికి వాలుతున్న ఆ భీకర ఘడియలో, నూట నలభై మెట్ల దీపస్తంభం కొసన, మాంత్రికుడి చేతిలో ఒక కపాలం పళ్లికిలిస్తోంది...

లెక్కలేనన్ని ఓడలు బండలకు కొట్టుకుని పగిలాకే, నూరేళ్ల కిందట ఈ స్తంభం కట్టారు. నాటినుంచి సముద్రానికి శవాల రాబడి పడిపోయింది. ఆ లోటు పూడుస్తానని మాంత్రికుడు ఆ సముద్రపు క్షుద్రదేవతకు మాటిచ్చాడు. దీపం తీసి కపాలం నిలిపితే, ఈ రాత్రి ఓడలన్నీ బండల మీదికే! అందుకే దీపం కాపరి భార్యకు దయ్యాన్ని పట్టించి, దీపం గది తెరిస్తేనే వదిలిస్తానన్నాడు.

మూడు రోజులుగా ఆమె గొంతులో మరెవరో అరుస్తున్నారు... కాపరి తూచి చూశాడు. ఒకవైపు మొహం తెలియని నావికులు, మరోవైపు ముప్పై ఏళ్ల ఇల్లాలు. తక్కెడ ఇల్లాలి వైపే మొగ్గింది. సిగ్గుపడేంత ప్రాణం కూడా అతనిలో మిగల్లేదు. ఆమెను భుజాన మోసుకుని మెట్లెక్కి, గది మూల పడుకోబెట్టి, తాళం తీశాడు.

దీపం చుట్టూ మనిషిని మించిన ఎత్తున అద్దాల గూడు. మాంత్రికుడు ఒళ్లంతా నూనె పూసుకుని, కపాలంతో అందులోకి దూరాడు. అలవాటుకొద్దీ కాపరి బయట గడియ పెట్టేశాడు.

"ఏంటయ్యా ఈ గుడ్డలు, కిటికీలన్నిటికీ ముసుగులు? తియ్యి! నా తల్లి సముద్రాన్ని చూడాలి!"

"పగలు తెర తీయకూడదు సామీ. ఎండ..."

"ఎండా! చితిమంటల దగ్గర చలికాచుకున్న ఒళ్లురా ఇది! మళ్లీ నోరెత్తావో, నీ ఆవిడ నాలుక తెగిపడుద్ది!"

కాపరి ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పలేదు. తాడు లాగాడు.

రాత్రి లోపలి వెలుగును ఇరవై మైళ్లు విసిరే ఆ అద్దాలు, పగటి ఎండనంతా లోపలికి లాగి ఒక్కచోట కుమ్మరించాయి! కపాలం పేలింది... నూనె భగ్గుమంది... "తల్లీ! కాపాడు!" కర్మసాక్షి కన్నెర్ర చేస్తే ఏ క్షుద్రదేవత నిలుస్తుంది? కేక... ఇంకో కేక... గడియ రెండడుగుల దూరంలో ఉంది. కాపరి చెయ్యి లేవలేదు.

నేలమీద ఇల్లాలు కళ్లు తెరిచింది. మూడు రోజుల తర్వాత ఆమె సొంత గొంతు.

"ఏమండీ, ఏదో మాడిన వాసన?"

"ఊఁ."

"ఎవరైనా వచ్చారా?"

"వచ్చాడు. పనైపోయింది."

అతనికి ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. పొద్దుగూకేలోగా అద్దాలు తళతళలాడాలి. గుడ్డ తీసుకుని మసి తుడవసాగాడు. ఆమె కూడా లేచి, కొంగు దోపుకుని, అవతలి వైపు తుడవడం మొదలుపెట్టింది. అది ఎవరి మసి అని అడగలేదు.