ముందుకేసిన ముడి

పొద్దున్నే టైలరు గారు అత్తగారి భుజానికి కొలత టేపు ఆనించి నిలబడ్డాడు. కుట్టుమిషను మోతకి సగం చెవులు అప్పగించేసిన మనిషి. కూతురు "అమ్మమ్మ కథ తీసుకుంటున్నా" అంటే ఆయనకి "కొలత తీసుకుంటున్నా" అని వినబడింది. కొలతలు మన శాఖే కదా అని దూకేశాడు. కొత్త గౌను వస్తుందేమోనని అత్తగారు కూడా చేతులు చాచి సహకరిస్తోంది.

నీ టేపు వేరు, నా టేపు వేరు నాన్నా అంటూ కూతురు రికార్డరు చూపించింది. లైబ్రరీలో దాని ఉద్యోగం. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి అమ్మేసిన మనుషుల సంతతి వాళ్ళుండే పేటంతా. పెద్దావిడలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, వాళ్ళ మాటలైనా దాచుకుందామని లైబ్రరీ వాళ్ళు దాన్ని పంపారు. నిన్న సాయంత్రం సొంత అమ్మమ్మతోనే బోణీ చేసింది.

పేటకంతా నర్సమ్మ అయిన టైలరు గారి భార్య వంటింట్లో యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. ముందుగదిలో రికార్డరు నిన్నటి మాటలు వినిపించింది. తల్లి గొంతు.

"నాకు పుట్టింది ఒక్కతే కూతురు. నెల తిరక్కుండానే పోయింది. మళ్ళీ నా కడుపు పండలేదు."

ఇస్త్రీపెట్టె కాలరు మీదే ఆగిపోయింది. మాడు వాసన వచ్చాక గానీ ఆవిడ చెయ్యి లేవలేదు. నెలలోనే పోయిన కూతురి యూనిఫారం ఇక్కడ మాడుతోందేమిటి? ఉన్నది తనొక్కతే. ఆ ఒక్కతీ పోయిందంటే తనెవరు?

అక్కడ్నించి ఇంట్లో ప్రతిదీ సాక్ష్యం చెప్పడం మొదలెట్టింది. గోడమీద తల్లి ఫొటో చూసింది, ముక్కు కలవలేదు. అద్దంలో చూసుకుంది, చెవులు కూడా అనుమానంగానే ఉన్నాయి. మొగుణ్ణి పట్టుకుని నేనెవరి పోలికండీ అని గుసగుసగా అడిగితే, ఆయన నడుం దగ్గర కాస్త వదులు చెయ్యాలన్నాడు.

ఆసుపత్రిలో రోగి తాలూకు ఎవరని అడిగి రాసుకునే మనిషి, సొంత తల్లి ముందుకెళ్ళి నిలబడి తన సంగతే అడిగింది.

"అమ్మా, నేనెవర్నే?"

"కళ్ళజోడు నాకు కదా ఉంది, నీకేం కనబడట్లేదా?"

"వేళాకోళం కాదమ్మా. నీ కూతురు పోయిందన్నావు. నన్నెక్కణ్ణించి తెచ్చుకున్నారు?"

లైబ్రరీ పిల్ల బిత్తరపోయి రికార్డరు మళ్ళీ పెట్టింది. ముసలావిడ తల పక్కకి వాల్చి, ఎవరో చుట్టం మాట్లాడుతున్నట్టు శ్రద్ధగా వింది.

"ఇది నేను కాదే," అంది.

"గొంతు నీదే కదా."

"గొంతు నాది. మాట బుట్టలామెది."

ఎదురింటి బుట్టలామె పోయి చాలా కాలమైంది. నర్సమ్మ బుర్ర ఇంకాస్త చిక్కుపడింది. ముసలావిడ తలగుడ్డ విప్పి, మెడ వెనకుండే ముడిని నుదుటి మీదికి తెచ్చి కట్టుకుంది. ముడి ముందుకేస్తే మాట్లాడేది తను కాదు, పోయిన నేస్తం. పేటలో ఆ తరం ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ముడి కనబడుతుంది. రికార్డరుకి చెవులే గానీ కళ్ళేవీ?

"నిన్న చూశాను. తలనొప్పికి బిగించి కట్టుకుందనుకున్నా. రికార్డరు గొడవలో మాటలూ సరిగ్గా వినలేదు," అంది లైబ్రరీ పిల్ల, నాలిక్కరుచుకుని.

"మరి ఆమె అని చెప్పొచ్చు కదమ్మా, 'నేను' అనడం దేనికి?"

ముసలావిడ నుదుటి మీది ముడి తడుముకుంది. "ఓడలోంచి దించినప్పుడు మనవాళ్ళని అది, ఇది అని పిలిచారుటే. ఒక్కళ్ళనీ 'నేను' అననివ్వలేదు. అందుకని మాలో ఎవరు పోయినా ఆ 'నేను'ని మిగిలినవాళ్ళం మోస్తాం. బుట్టలామెది నా వంతుకొచ్చింది."

చిన్నప్పుడు బుట్టలామె తనని ఒళ్ళోంచి దించేది కాదని నర్సమ్మకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. తల్లి ఎన్నిసార్లు పిలిచినా, ఇంకాసేపుంచు అనేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, తను దొరికినందుకో, ఆ నెలలోపు పాప కోసమో ఆవిడకే తెలీలేదు.

"మరి నీ కథేదమ్మా?"

"ముందు పోయినవాళ్ళది చెప్పాలి. అది అయ్యేసరికి ఈ పిల్ల థాంక్స్ అమ్మమ్మా అని కట్టేసింది. నువ్వా, ఇన్నేళ్ళూ అందరి నాడీ చూశావు, నా పక్కన కూర్చుని ఒక్కసారీ అడగలేదు."

నర్సమ్మ కిందే కూర్చుంది, తల్లి మోకాలికి ఆనుకుని. ఈలోగా టైలరు గారు టేపు మెళ్ళో వేసుకుని వచ్చి, ఇంట్లో ఎవరు పోయారు, ఎందుకు ఏడుస్తున్నారని కంగారుపడ్డాడు. కూతురు ఆయన చెవిలో మొదట్నించీ అంతా అరిచి చెప్పింది. ఎదురింటివాళ్ళకి కూడా అర్థమైంది. ఆయన అంతా విని, భార్యని తేరిపార చూసి, ముక్కు అచ్చం మీ అమ్మదే, అడిగుంటే నేనే కొలిచి చెప్పేవాణ్ణి కదా అన్నాడు.

ముసలావిడ తలగుడ్డ విప్పి, ముడిని మెడ వెనక్కి తిప్పి కట్టుకుంది. లైబ్రరీ పిల్ల రికార్డరు నొక్కి, ఎప్పుడో ఎవరో వినబోయేవాళ్ళ కోసం ముందుగా చెప్పింది: "అమ్మమ్మ ముడి వెనక్కి ఉంది."

"సరిగ్గా వినవే," అంది ముసలావిడ కూతురి తల నిమురుతూ. "రేపు ముడి ముందుకేసుకుని నువ్వే చెప్పాలి."

తర్వాత గొంతు సవరించుకుని మొదలెట్టింది.

"నాకు పుట్టింది ఒక్కతే కూతురు. దాని ఏడుపు పేటంతా వినబడింది."