తాబేలు తలుపు

నిజాంపట్నం జెట్టీ మీద ఆరేసిన వల పక్కన ఎవరో అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెరతో దారాలు పటపటా కత్తిరిస్తోంది. టీ కొట్టు దగ్గర్నుంచి వస్తున్న ఆరిఫ్ అది చూసి ఆగిపోయాడు. ఆ దారాలు నిన్న సాయంత్రం తాను కుట్టినవి.

"ఏంటండి మీరు చేసే పని?"

ఆమె తలెత్తలేదు. "కనపడట్లేదా? తలుపు తీస్తున్నా."

"కుట్టింది నేనండి."

"అందుకే ఇంత గట్టిగా ఉంది. మంచి పనివాళ్ళు చెడ్డ పని చేస్తే ఇదే బాధ."

పొగిడిందో తిట్టిందో తేల్చుకునేలోపు ఆమె ఇంకో ముడి తెంపేసింది.

మరబోట్లు ఈడ్చే వలలో తాబేలు పడితే బయటికి రాలేదు. ఊపిరికి పైకి తేలే దారి లేక అందులోనే చస్తుంది. అందుకని వల చివరి సంచికి ముందు ఒక ఇనప చట్రం, దాని మీద తాబేలు తోసుకుని పోయేంత కంత, ఆ కంతకి వలగుడ్డ మూత పెట్టాలని రూల్ వచ్చింది. దాన్నే హార్బర్లో తాబేలు తలుపు అంటారు. తనిఖీకి ఆఫీసర్లు వచ్చిన రోజున తలుపు తెరిచి ఉంటుంది. వాళ్ళ జీపు మలుపు తిరగ్గానే బోటు ఓనరు ఆరిఫ్‌ని పిలిచి మూత కుట్టించేస్తాడు. తాబేలు పోయే కంతలో నుంచి చేప కూడా పోతుందని ఓనర్ల భయం. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. రూల్స్ విషయంలో మనందరం అంతే, ఒక్క బోట్ల వాళ్ళని అని లాభం లేదు.

ఆ అమ్మాయి పేరు కౌసర్. తెనాలి. తాబేళ్ళను కాపాడే సంస్థ ఒకటి ఆమెని ఈ హార్బరుకి వేసింది. పొద్దున తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగి, ఆటోలో నిజాంపట్నం వచ్చేది. వచ్చి, ఓనరు హనుమంతరావు బోటు ఒడ్డున ఉంటే చాలు, తలుపు కుట్లు కోసేసేది. సాయంత్రం ఆమె రైలుకి వెళ్ళగానే ఆరిఫ్ మళ్ళీ కుట్టేవాడు.

ఈ యుద్ధం హార్బరుకంతటికీ కాలక్షేపం అయిపోయింది.

"మేడమ్, ఇవాళ దారం మార్చాను. కొంచెం లావుది," అనేవాడు ఆరిఫ్, పక్కన నిలబడి.

"నేను కత్తెర మార్చాను. తెనాలిలో సాన పట్టించాను."

"మీకు వేరే పని లేదా అండి?"

"ఇదే పని. జీతం కూడా ఇస్తారు. మీకు?"

"నాకూ ఇదే పని. మీరు కోస్తున్నన్నాళ్ళూ నాకు కూలీకి ఢోకా లేదు. మా అబ్బాజాన్ మీ కోసం దువా చేస్తున్నారు."

ఆమె పెదవి బిగించింది. నవ్వు ఆపుకోవడానికని ఆరిఫ్‌కి తెలుసు. తెలిసిన దగ్గర్నుంచే వచ్చింది చిక్కు. పనీపాటా లేనివాడికే ప్రేమ పుడుతుందని పెద్దలంటారు. ఆరిఫ్‌కి చేతినిండా పని ఉండగానే పుట్టింది. ఆ చేతినిండా ఉన్న పనే ఆమెకి అడ్డం.

ఒకరోజు వెళ్ళబోతూ ఆమె ఆగింది. "ఆదివారం ఖాళీయేనా?"

"ఖాళీయేనండి." ఆదివారం రెండు వలలు ఇవ్వాల్సి ఉంది. అయినా ఖాళీయే.

"సూర్యలంక రండి. బీచిలో లైట్‌హౌస్ వైపు. మీకొకటి చూపించాలి."

ఆదివారం ఆరిఫ్ ఇస్త్రీ చొక్కా వేశాడు. రంజాన్‌కి కొన్న అత్తరు రెండు చెవుల వెనకా రాశాడు. బాపట్లలో బస్సు దిగి సూర్యలంక ఆటో ఎక్కితే పక్కనున్న పెద్దావిడ ముక్కు మూసుకుని, "ఏం నాయనా, పెళ్ళిచూపులా?" అంది. "ఇంకా అంతదాకా రాలేదు పెద్దమ్మా," అన్నాడు.

బీచిలో కౌసర్ ఒంటరిగా లేదు. ఆమె ముందు ఇసకలో ఒక తాబేలు వెల్లకిలా పడి ఉంది. చచ్చి ఎన్నాళ్ళైందో, మెడ వాచిపోయింది. ఎవరో భక్తులు దానికి పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టి పోయారు. ఇంకెవరో పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నారు. బతికుండగా తలుపు మూసి, చచ్చాక బొట్టు పెట్టడం మనకి కొత్తేమీ కాదు. మనుషుల విషయంలోనూ అంతే చేస్తాం.

"గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తూ వలలో పడింది," అంది కౌసర్.

ఆరిఫ్ అత్తరు వాసన గాలికి అటు పోయి మళ్ళీ అతని ముక్కుకే తగిలింది. సిగ్గేసింది.

"ఇది... హనుమంతరావు బాబాయ్ వలలోనేనా?"

"ఏ వలో ఎవరికి తెలుస్తుందండి. ఏదైనా కావచ్చు."

ఏదో ఒక వల అని తేలితే మొహం అటు తిప్పుకోవచ్చు. తేలకపోవడమే ఆరిఫ్‌కి కష్టంగా ఉంది. హార్బర్లో సగం వలల మీద ముడులు అతనివే.

"ఏప్రిల్లో వేట నిషేధం వచ్చేలోగా బోట్ల సంఘం వాళ్ళు తమంతట తాము తలుపులు తెరిచి పెట్టకపోతే ఇక్కడ పని మూసేస్తామన్నారు మా ఆఫీసులో," అంది ఆమె. "నన్ను ఒడిశా పంపుతారట. నాకు వెళ్ళాలని లేదు. ఇది మా సముద్రం."

"తెనాలిలో సముద్రమెక్కడిదండి?"

"కాలవ ఉందిగా. అది పోయేది ఇక్కడికే."

తిరుగు బస్సులో ఆరిఫ్ కిటికీ పక్కన కూర్చున్నాడు. నిజాంపట్నం వచ్చేదాకా వేళ్ళ మీద దారం కోసిన గీతలే చూసుకున్నాడు.

మర్నాడు హనుమంతరావు పిలిస్తే సూది లేకుండా వెళ్ళాడు. "బాబాయ్, ఇక నేను తలుపు కుట్టను."

హనుమంతరావు బోట్ల సంఘానికి పెద్ద. నోరు పెద్దది, మనసు మధ్యరకం. "ఏరా, కత్తెర తగిలింది వలకా, నీకా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆరిఫ్ కదల్లేదు. అప్పుడే ఆటో దిగిన కౌసర్‌ని చూసి హనుమంతరావు గొంతు పెంచాడు.

"అమ్మాయ్, రోజూ ఈ గోలెందుకు? ఒక్క ట్రిప్పు తలుపు తెరిచే పోతాను. చేప తగ్గలేదా, సంఘం మొత్తానికి నేనే చెప్తా. తగ్గిందా, నీ కత్తెర మళ్ళీ ఈ జెట్టీ మీద కనపడకూడదు."

"అలాగే బాబాయిగారు," అంది ఆమె. ఏమాత్రం భయం లేకుండా.

ఆ ట్రిప్పు ముగించుకుని బోటు తేలిగ్గా ఊగుతూ తిరిగొచ్చింది. పక్క బోట్ల ఐసు పెట్టెలు నిండి ఉన్నాయి. హనుమంతరావు పెట్టెల్లో ఐసే ఎక్కువ. అతను కౌసర్ వైపు చెయ్యి చాపి, కత్తెర ఇచ్చెయ్యమన్నట్టు వేళ్ళు ఆడించాడు.

అంతలో కాలం కాని వాన దబదబా పట్టుకుంది. జనం చెదిరిపోయారు. కౌసర్ ఆరిఫ్ వలల షెడ్డులోకి పరిగెత్తుకొచ్చింది. చున్నీ చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె ముక్కు మీద ఒక చినుకు జారనా వద్దా అని ఆలోచిస్తోంది. ఆరిఫ్ దాన్నే చూస్తున్నాడు.

"మీరే ఏదో చేశారు," అంది.

చినుకు జారిపోయింది.

"నేనా?"

"తలుపు ఎందుకు లీకైంది మరి? వేరే ఊళ్ళల్లో ఇదే చట్రం, ఇదే మూత. అక్కడ చేప పోవట్లేదు. కుట్టనని అందరి ముందూ చెప్పి, వెనక ఏదో చేశారు."

ఆరిఫ్‌కి కోపం వచ్చింది. ఆ వానలోనే పోయి హనుమంతరావు వలని భుజాన వేసుకొచ్చి షెడ్డులో పరిచాడు. తలుపు మూతని ఎత్తి పట్టుకున్నాడు.

ఇద్దరూ వంగి చూశారు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ఆ మూత మూత లాగా లేదు. ఒక అంచున ఆమె కత్తెర కుట్టుతో పాటు వల కళ్ళనీ తెంపుకుంటూ పోయింది. ఇంకో అంచున అతను లావు దారం లాగి లాగి కుట్టిన చోట ముడతలు పడి బిగుసుకుపోయింది. నీటి ఒత్తిడికి కంత మీద పరుచుకుని కూర్చోవాల్సిన మూత, నోరు తెరుచుకుని నిలబడింది. చేపలు అందులోంచి ఊరేగింపుగా పోయి ఉంటాయి.

"ఇక్కడ కోసింది నేనే," అంది కౌసర్ మెల్లగా.

"ఇది లాగింది నేను. కసితో లాగాను. మీ కత్తెర విరగాలని."

వాన రేకుల మీద దంచుతోంది.

"అయితే మనిద్దరం కలిసి చేసిన మొదటి పని ఇదన్నమాట," అంది.

"రెండోది బాగా చేద్దామండి."

ఆమె తల తిప్పి చూసింది. "నాకు కుట్టడం రాదు."

"కొయ్యడం వచ్చినవాళ్ళకి సగం వచ్చినట్టే."

కొత్త వలగుడ్డ తెచ్చి మూత కొలిచాడు. సూది ఎలా పట్టాలో చూపించాడు. ఆమె మొదటి ముడులు చీమిడిలా జారిపోయాయి. అతను నవ్వకుండా విప్పాడు. ఆమె మళ్ళీ వేసింది. ఇద్దరి చేతులూ ఒకే కంత మీద ఉండేసరికి అప్పుడప్పుడూ సూది దారి తప్పింది.

గుమ్మంలో దగ్గు వినపడింది. ఆరిఫ్ తండ్రి బుడే సాహెబ్. ఆయన కుట్టిన వలలు వాడరేవు దాకా పోయేవి ఒకప్పుడు. ఇప్పుడు చేతులు వణుకుతాయి, మాట వణకదు.

"ఓనర్లకి ఎదురుపోయి ఏం తింటావురా?"

"తలుపులు కుట్టి తిన్నది అరగట్లేదు అబ్బాజాన్."

"ఈ అమ్మాయికి జీతం ఉంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోటికి పోతుంది. నువ్వు ఎక్కడికి పోతావ్?"

ఆరిఫ్ జవాబు చెప్పేలోపు కౌసర్ లేచి నిలబడింది. చేతిలో సూది అలాగే ఉంది. "సలాం చాచా. నేను ఎక్కడికీ పోనండి. పోకుండా ఉండటానికే ఇది కుడుతున్నా."

బుడే సాహెబ్ ఆమె కుట్టిన అంచుని వేలితో తడిమాడు. "ముడి వదులు," అని వెళ్ళిపోయాడు. కౌసర్ ఆ ముడి విప్పి మళ్ళీ వేసింది.

వాన తగ్గాక ఆరిఫ్ హనుమంతరావు ఇంటికి వెళ్ళాడు. "ఇంకొక్క ట్రిప్పు బాబాయ్. తప్పు తలుపుది కాదు, మాది. ఈసారి చేప తగ్గితే సీజనంతా నీ వలలు ఊరికే బాగుచేస్తా."

"మాటలొద్దు. నువ్వు బోటెక్కు. తలుపు ఊడితే సముద్రంలో దూకి కుట్టొచ్చే బాధ్యత నీది."

అక్కడున్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఎందుకంటే ఆరిఫ్ పుట్టి బుద్ధెరిగాక బోటెక్కలేదు. జెట్టీకి కట్టేసిన బోటులో నిలబడినా అతనికి కడుపులో తిప్పుతుంది. హార్బరుకంతా తెలిసిన సంగతే.

"ఎక్కుతా," అన్నాడు.

ఎక్కాడు. పాయ సముద్రంలో కలిసే మొగ దాటేదాకా దేవుణ్ణి తల్చుకున్నాడు. దాటాక దేవుణ్ణి కూడా మర్చిపోయి బోటు అంచు పట్టుకుని వంగిపోయాడు. "చేపలకి మేత వేస్తున్నాడురా, ఇంక చేప తగ్గదు," అన్నాడు డ్రైవరు. హనుమంతరావు అతని నోట్లో నిమ్మకాయ ముక్క పెట్టాడు. మధ్యరకం మనసులో మంచి సగం అది.

ఎండ నడినెత్తికి వచ్చాక వల పైకి లాగారు. ఆరిఫ్ తేలేసిన కళ్ళతోనే చూశాడు. సంచి బరువుగా, గుండ్రంగా, నీళ్ళు కారుస్తూ లేచింది. ముడి విప్పగానే రొయ్యా చేపా కలిసి డెక్కు మీద జలజలా పడ్డాయి. హనుమంతరావు పారతో అటూ ఇటూ కదిపి చూశాడు. చేప తగ్గలేదు.

ఆరిఫ్ పాక్కుంటూ తలుపు దగ్గరికి వెళ్ళాడు. మూత నిండుగా పరుచుకుని ఉంది. అంచున, కౌసర్ వేసిన ముడి పక్కనే, వల కంట్లో తెల్లగా ఏదో ఇరుక్కుంది. చిటికెన వేలి గోరంత గుల్ల.

"తాబేలు వీపు మీద పెరిగే గుల్ల అది," అన్నాడు హనుమంతరావు, ఆశ్చర్యం దాచుకోకుండా. "ఒరేయ్, వచ్చి పోయిందిరా. మన తలుపు తోసుకునే పోయింది."

ఆరిఫ్ ఆ గుల్లని జేబులో వేసుకుని మళ్ళీ అంచు మీదికి వంగాడు.

బోటు తిరిగొచ్చేసరికి కౌసర్ జెట్టీ చివరన నిలబడి ఉంది. పక్కన బుడే సాహెబ్ కూడా ఉన్నాడు. ఎందుకొచ్చాడో ఎవరూ అడగలేదు. హనుమంతరావు బోటులోంచే అరిచాడు: "సంఘం వాళ్ళని రేపు పిలవండి. తలుపులు తెరిచే ఉంచాలి. నేను చెప్పానని చెప్పండి." మూడొంతుల ఘనత తన ఖాతాలో వేసుకుని దిగాడు. పోనీ, పని జరిగితే ఘనత ఎవరిదైతేనేం.

ఆరిఫ్ నేల మీద కాలు పెట్టాడు. నేల కూడా ఊగుతున్నట్టే ఉంది. మొహం పాలిపోయి ఉంది. చొక్కా సంగతి చెప్పకూడదు. అత్తరు వాసన అసలు లేదు.

"ఎలా ఉన్నారు?" అంది కౌసర్.

"చచ్చానండి." జేబులోంచి గుల్ల తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "ఒకరు మాత్రం బతికి పోయారు."

ఆమె దాన్ని చూసింది, చూస్తూనే ఉంది. కళ్ళు నిండాయి. గుప్పిట మూసింది.

"ఇక నాకు కుట్టడానికేం లేదు," అన్నాడు ఆరిఫ్. "మీకు కొయ్యడానికీ లేదు. రేపట్నుంచి మీరు ఈ షెడ్డుకి రావడానికి కారణం ఉండదు. అందుకని నేనే ఒకటి చెప్తున్నా. మీరు ఒడిశా వెళ్ళకపోవడం తాబేళ్ళకి మంచిది. నాకు ఇంకా మంచిది."

కౌసర్ బ్యాగు తెరిచింది. కత్తెర తీసి, షెడ్డులోకి నడిచి, వల సూదులు వేలాడే మేకుకి తగిలించింది.

"అది ఇక్కడే ఉంటుంది," అంది. "మళ్ళీ కుట్టాలనిపిస్తే గుర్తుంటుంది."

"మరి మీరు?"

"కత్తెరని వదిలేసి నేనెక్కడికి పోతానండి. మా అమ్మ కొన్నది."

బుడే సాహెబ్ దగ్గాడు. కొడుకు మొహం, ఆ పిల్ల మొహం, మేకుకి ఊగుతున్న కత్తెర వరసగా చూశాడు. తర్వాత కొడుకు చేతికి నీళ్ళ సీసా ఇచ్చాడు.

"మొహం కడుక్కో. ఇలా ఉన్నవాణ్ణి చూసి ఎవరు పిల్లనిస్తారు?" అని కౌసర్ వైపు తిరిగాడు. "బేటీ, రేపల్లె నుంచి తెనాలికి పొద్దున రైలు ఎన్నింటికి? మీ అమ్మగారితో మాట్లాడాలి."