కుర్చీలోంచి లేవని ఏజెంట్

ఏజెంట్ శరభ ఏడో సినిమాలో మొదటి గంటంతా ఏజెంట్ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు.

చైతన్య ఆ సంగతి సంతకి ముందురోజు మధ్యాహ్నమే కనిపెట్టాడు. ముంచింగిపుట్టులో వాళ్ళ నాన్న లక్ష్మణరావుకి కిరాణా కొట్టు ఉంది. కొట్టు వెనక రేకుల షెడ్డులో చైతన్య వీడియో హాలు నడుపుతున్నాడు. ఒక టీవీ, ఒక సీడీ ప్లేయరు, నేలమీద టార్పాలిన్. శరభ ఆరు సినిమాల్లో లోయల మీంచి దూకాడు, రైళ్ళ మీద పరుగెత్తాడు. ఏడోదానికి మోకాళ్ళ నొప్పులు వచ్చినట్టున్నాయి. కూర్చుని ఫోన్ చేస్తాడు. అవతల ఎవరూ ఎత్తరు. మళ్ళీ చేస్తాడు. విలన్ మనిషి ఒకడు ఎర్ర డబ్బాలో బాంబు తెచ్చి గుమ్మంలో పెడతాడు. ఏమనుకుంటాడో, తనే తిరిగొచ్చి తీసుకుపోతాడు.

"ఈ వారం జనం లేచిపోతే షెడ్డులో చింతపండు బస్తాలేసేస్తాను," అని లక్ష్మణరావు ముందే చెప్పాడు.

చింతపండు మీద చైతన్యకి కోపమేమీ లేదు. హాలు మూసేస్తే రమణి ఇక లోపలికి రాదు. బాధల్లా అదొక్కటే.

రమణి కొండమీది ఊళ్ళో ఉండే గాసి అనే రైతు కూతురు. పదో తరగతి పాసైంది. సంతరోజు తల్లితో దిగివచ్చి పసుపు, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అమ్ముతుంది. సంతకొచ్చే వాళ్ళలో చాలామందికి సినిమా తెలుగు అందదు. అందుకని ఎవరో ఒకరు టీవీ పక్కన నిలబడి కథని ఆదివాసీ ఒరియాలో చెప్పాలి. ఈ సంగతి తెలియని కొత్తలో చైతన్య, అలా చెబుతున్న రమణి మీద, "ఎవులా గుంట? బొమ్మాడతంటే ఆ వాగుడేటి?" అని అరిచాడు. రమణి ఆపేసింది. కాసేపట్లో హాలంతా ఖాళీ అయింది. అతను పసుపు కుప్ప దగ్గరికి వెళ్ళి బతిమాలుకోవలసి వచ్చింది. ఆమె పసుపంతా అమ్ముడయ్యేదాకా కదల్లేదు.

అది జరిగి రెండేళ్ళు. ఆ భాష అతను ఇంతవరకూ నేర్చుకోలేదు. రమణి చెబుతుంటే ఆమె ముఖం చూడటంతోనే సరిపోయేది.

సంతరోజు పొద్దున్నే ఆమెని పట్టుకున్నాడు. "రమణీ, ఈసారి బొమ్మలో ఏటీ నేదు."

"ఏటీ నేపోతే నానేటి సెప్పను సావుకారూ?"

"ఏదో ఒకటి సెప్పు. జనం లేవకుండా సూడు. లేత్తే నాన్న హాలు మూసేత్తాడు."

"మూసేత్తే నీకేటి? కొట్లో కూకుని బెల్లం తూయొచ్చు."

"బెల్లం నాతో మాటాడదు కదా."

రమణి అతన్ని ఒక చూపు చూసింది. "నువ్వు మాత్రం బెల్లం కంటే ఎక్కువ మాటాడతావేటి?" అని లోపలికి పోయింది.

సినిమా మొదలైంది. పూజ ముగించుకుని నుదుట బొట్టుతో లక్ష్మణరావు వచ్చి వెనక నిలబడ్డాడు, ఎవరు ముందు లేస్తారో చూడటానికి.

ఎవరూ లేవలేదు. తెరమీద శరభ కూర్చున్నాడు. రమణి చెబుతోంది. ఆడవాళ్ళు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. శరభ ఫోన్ చేశాడు. అందరూ అయ్యో అన్నారు. ఎర్ర డబ్బా గుమ్మంలోకి రాగానే చప్పట్లు కొట్టారు. దాన్ని వెనక్కి తీసుకుపోతుంటే ముసలి బుధు లేచి టీవీని తిట్టాడు. కొందరు వెనక్కి తిరిగి చైతన్య వంక చూశారు. టికెట్ డబ్బులు వెనక్కి అడుగుతారని చైతన్య తలుపు దగ్గరికి జరిగాడు.

ఎవరూ అడగలేదు. బయటికొస్తూ బుధు అతని భుజం తట్టాడు.

"ఎందుకు తాతా అలగ తిట్టావు?"

"తిట్టనా మరి? ఆ గుంటడు పిల్లని ఇష్టపడ్డాడు. సెప్పనేక కుర్సీలో కూకున్నాడు."

"ఎవుడు? ఏజెంటా?"

"ఏజెంటేటి బాబూ! సావుకారి కొడుకు. అయ్యకి సెప్దామని ఫోన్ సేత్తాడు. అయ్య ఎత్తడు."

"మరి బాంబు?"

"బాంబెక్కడిది? అది కల్లు కుండ. ఆడి సిన్నాన్న దాన్ని పిల్ల గుమ్మంలో ఎట్టాడు. అయ్యకి బయపడి ఎనక్కి అట్టుకుపోనాడు. అలాటోడ్ని తిట్టనా?"

పిల్లని అడగడానికి వెళ్ళినవాళ్ళు జీలుగు కల్లు కుండ ఆ ఇంటి గుమ్మంలో పెట్టడం గాసి ఊళ్ళో ఆచారం. ఇంటివాళ్ళు కుండని లోపలికి తీసుకుంటే ఒప్పుకున్నట్టు.

చైతన్య పసుపు కుప్ప దగ్గరికి పరుగెత్తాడు. "సంతంతటికీ సెప్పేసినావు!"

"సంతంతటికీ ముందే తెలుసు. బొమ్మ బాగుందని మాత్రం ఇయ్యాలే అన్నారు."

"మా నాన్న ఎనకే ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా కొండమీద యాపారం. ఆ బాస ఆయనకి నీకొచ్చినంతా ఒచ్చు!"

రమణి చేతిలో పసుపు కొమ్ము ఆగిపోయింది. "రేట్లు అడగడం వరకే ఒచ్చనుకున్నాను," అంది. గబగబా సంచి కట్టుకుని తల్లితో కొండెక్కిపోయింది.

ఆ సాయంత్రం లక్ష్మణరావు దీపం పెట్టి చాలాసేపు దేవుడి ముందే కూర్చున్నాడు. చైతన్య గుమ్మంలో నిలబడ్డాడు.

"బొమ్మ బాగోనేదురా."

"ఔను నాన్నా."

"ఆ ఫోన్ ఎత్తని తండ్రి మరీ బాగోనేదు."

చైతన్య నేల చూశాడు.

"జీలుగు కల్లు ఎక్కడ దొరుకుతాది?"

"నాన్నా! నువ్వు కల్లు పేరెత్తితేనే నోరు కడుక్కుంటావు కదా!"

"తాగమన్నారేట్రా? మొయ్యమన్నారు." ఆయన వత్తి సరిచేశాడు. "మనం దేవుడికి పానకం పెడతాం. ఆళ్ళ గుమ్మంలో ఇది పెడతారు. రెండు కుండలూ ఆయన సూత్తూనే ఉంటాడు కదా. ఏ కుండంటే కోపమో నాకింతవరకూ సెప్పనేదు."

వంటింట్లోంచి చైతన్య తల్లి సత్యవతి, "ఏ కుండైనా పసుపు రాయకుండా గడప దాటనివ్వను," అంది.

రెండురోజుల తరవాత తండ్రీకొడుకులు కొండెక్కారు. కుండ లక్ష్మణరావు నెత్తిమీదే ఉంది, కొడుకుని ముట్టనివ్వలేదు. దారి పొడవునా గోవింద నామాలు చదువుకున్నాడు. గాసి గుమ్మంలో కుండ దించి, పక్కకి వెళ్ళి కాఫీ మొక్కల్ని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

గాసి తన భాషలో ఏదో అడిగాడు. చైతన్య అలవాటుగా రమణి వంక చూశాడు.

"ఎందుకొచ్చావని అడుగుతున్నాడు," అంది రమణి.

"నువ్వు సెప్పు."

"సెప్పను."

"అందరికీ తెలిసిందే కదా!"

"అందరికీ నాను సెప్పగా తెలుసు. నువ్వు సెప్పగా నాకింకా తెల్దు."

గాసి చూస్తున్నాడు. గాసి భార్య చూస్తోంది. కాఫీ మొక్కల దగ్గర గోవింద నామాలు ఆగిపోయాయి.

"నువ్వంటే నాకిష్టం రమణీ," అన్నాడు చైతన్య. "నువ్వు నేకపోతే నా బతుకూ ఆ ఏడో బొమ్మలాగే ఉంటాది."

రమణి ఒక్క మాట కూడా తల్లిదండ్రులకి మార్చి చెప్పలేదు. అవసరం పడలేదు. ఆమె ముఖం చూసి తల్లి లేచి వచ్చి, కుండ ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

గాసి గొంతు సవరించుకుని మళ్ళీ ఏదో అడిగాడు. కట్నమా, ముహూర్తమా అని చైతన్య భయపడ్డాడు.

"వచ్చే సంతకి ఏం బొమ్మ అని," అంది రమణి, నవ్వు ఆపుకుంటూ.

"ఇదే," అన్నాడు చైతన్య. "జనం మళ్ళీ అడుగుతున్నారు."